గడియ లేని తుపాకీ

మొదటి రైఫిలు ఏది కొనాలని నన్ను అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కువైట్‌లో వేట సామాన్ల దుకాణాల్లో పనికి కుదిరిన మన కడప పిల్లలు ఫోన్ చేస్తారు. "పెదనాయనా, గిరాకీ వచ్చి కూచోనుండాడు. తక్కువలో గురి తప్పనిది కావాలంటాడు. ఏది చూపియ్యల్ల?" అని గుసగుసగా అడుగుతారు. వాళ్ళకు కావలసింది ఒక పేరు. చెబితే ఫోన్ పెట్టేసి అది చూపిస్తారు. నేను పేరు చెప్పను. తిక్క ముసలోడు అనుకుంటారని తెలుసు. ఎందుకు చెప్పనో ఒక్కసారి రాసి పెడితే, ఫోన్ చేసిన ప్రతివాడికీ మొదటి నుంచి చెప్పే బాధ తప్పుతుంది.

నేను కువైట్‌కు పోయింది ఇంటిపనివాళ్ళకిచ్చే ఖాదిం వీసా మీద, ఇంటి డ్రైవరుగా. ఆ వీసా ఇచ్చిన యజమానిని అక్కడ కఫీల్ అంటారు. నా డ్రైవింగు చూసిన కఫీల్ భార్య, పిల్లల్ని ఇతని చేతిలో పెట్టేది లేదని ఖరాఖండిగా చెప్పేసింది. ఊరికి తోలేయకుండా కఫీల్ నన్ను షువైఖ్‌లో తన దుకాణంలో పనికి పెట్టాడు. ఆ మహాతల్లికి ఈ రోజుకీ దణ్ణం పెట్టుకుంటాను. అటూ ఇటూ గ్యారేజీలు, మధ్యన మా దుకాణం. గుడారాలు, నీళ్ళ డబ్బాలు, డేగల కళ్ళకు కట్టే తోలు టోపీలు, షాట్‌గన్లు, వెనక అద్దాల బీరువాలో కొన్ని రైఫిళ్ళు ఉండేవి.

ఆ బీరువాకు పెద్ద దిక్కు మా ఉస్తాద్. రాయచోటి సాయిబు. ఊళ్ళో తాళాలు, పెట్రోమాక్సు లైట్లు బాగు చేసినవాడు. కువైట్‌కు వచ్చాక ఒక ముసలి పఠాన్ దగ్గర తుపాకీ పని నేర్చుకున్నాడు. కళ్ళద్దాలు ముక్కు చివరన ఉండేవి. తిట్టు లేనిదే నోట్లోంచి మాట ఊడిపడేది కాదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేను ఈ జన్మలో తిన్న ప్రతి ముద్దలోనూ ఆయన వాటా ఉంది.

గిరాకీకి తుపాకీ పేరు చెప్పే ముందు మూడు సంగతులు అడగాలని ఆయన నా చెవి మెలిపెట్టి నేర్పాడు. దేన్ని కొట్టాలి, ఎంత దూరం నుంచి కొట్టాలి, దాన్ని రోజంతా మోసేది ఎవరు. "ఇవి అడక్కుండా అమ్మేటోడు పెండ్లికొడుకును చూడకుండా సంబంధం కుదిర్చే పేరయ్య లాంటోడురా. సంభావన తీసుకోని పోతాడు. సంసారం చేసేది వానెమ్మ మొగుడా?" అనేవాడు.

బోల్ట్ యాక్షన్ రైఫిలంటే తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట చెప్పాలి. తలుపు గడియలాగా వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి వంచే ఇనుప కడ్డీ ఒకటి దానికి గుండెకాయ. తూటాను గొట్టంలోకి తోసేదీ, తూటా అడుగున నడిమధ్యన పిన్నుతో కొట్టి పేల్చేదీ అదే. నడిమధ్యన కొడుతుంది కాబట్టి సెంటర్‌ఫైర్ అంటారు. పిట్టల్ని కొట్టే చిన్న రైఫిలుకైతే పిన్ను అంచు మీద తగులుతుంది. ఇంగ్లీషులో ఆ కడ్డీ పేరు బోల్ట్. ఉస్తాద్ గడియ అనేవాడు, మా దుకాణంలో అందరికీ అదే అలవాటయింది. గడియ తీసేస్తే రైఫిలు ఉత్త ఇనుప గొట్టం.

ఉస్తాద్‌కు ఒక నియమం ఉండేది. మొదటిసారి రైఫిలు కొనేవాడికి మొదటి రోజే గడియ ఇవ్వడు. రైఫిలు మాత్రం ఇచ్చి ఇంటికి పంపుతాడు. వారం రోజులు దాన్ని భుజానికెత్తుకో, మొయ్యి, చెంప ఆనించు, నీకు కుదిరిందో లేదో చూసుకో అంటాడు. కుదరకపోతే వేరేది ఇస్తాడు. కుదిరితే గడియ తీసుకుని తనే షూటింగ్ రేంజికి వెంట వెళ్ళి గురి సరిచేసి, అప్పుడు చేతిలో పెడతాడు. దీనికి కారణం మా కఫీలే. తన చిన్నాన్న కొడుకు వస్తే, బీరువాలో అన్నిటికన్నా గట్టిగా తన్నే రైఫిలు తీసి బహుమానంగా ఇచ్చాడు. మొదటి తూటాకే గురి చూడటానికి పైన బిగించిన దుర్బీను వెనక్కొచ్చి ఆయన కనుబొమ చీల్చింది. ఏడాది పాటు అన్నదమ్ములకు మాటల్లేవు. అప్పటినుంచి ఉస్తాద్ నియమానికి కఫీల్ కూడా అడ్డం చెప్పలేదు.

పంతొమ్మిది వందల తొంభైలో, జూలై చివర్లో జహ్రా నుంచి ఒక బడిపంతులు వచ్చాడు. కువైటీలంతా షేకులే అనుకుంటారు మనవాళ్ళు. ఈయన నెల జీతం మీద బతికేవాడు. తల్లి, మొగుళ్ళు పక్క దేశంలో పనిచేసే ఇద్దరు చెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు, అందరి బరువూ ఈయన మీదే. లైసెన్సు చేతికొచ్చిన సంబరంలో నేరుగా వచ్చి, చెక్కడాల కట్టె, పసిడి గీతలు ఉన్న రైఫిలు ముందు నిలబడిపోయాడు.

ఉస్తాద్ మూడు ప్రశ్నలూ అడిగాడు. మేనమామతో ఎడారికి పోయి జింకల్ని కొట్టాలి. జింక దగ్గరికి రానివ్వదు కాబట్టి దూరం ఎక్కువే. మోసేది తనే. మేనమామ దగ్గర టూ-సెవెంటీ సైజు తూటాలు పట్టే రైఫిలు ఉంది, తూటాలు కూడా ఆయనే ఇస్తానన్నాడు. వెంటనే ఉస్తాద్ అడుగు అరలోంచి నల్లటి గొట్టం, నున్నటి చవక కట్టె ఉన్న టూ-సెవెంటీ ఒకటి తీశాడు. పంతులు ముఖం మాడిపోయింది.

"ఇది మా బడి బెంచీలా ఉంది" అన్నాడు.

"ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్ళే కదా పాసయ్యేది" అన్నాడు ఉస్తాద్, అరబ్బీలో.

తర్వాత పంతులు చేతే జేబులోంచి ఒక దినార్ నోటు తీయించి గొట్టానికీ కట్టెకూ మధ్యన జారవిడవమన్నాడు. నోటు ఎక్కడా తట్టుకోకుండా వెనకదాకా పోయింది. కట్టె గొట్టాన్ని తాకుతుంటే ఎండకు కట్టె వంగినప్పుడల్లా గురి మారిపోతుంది. ఆ చెక్కడాల రైఫిలుకు నోటు సగంలోనే ఇరుక్కుంది. ఇక ట్రిగ్గరు నొక్కి చూడమన్నాడు. ఎండిన కందికట్టె విరిగినట్టు టప్పుమంది, సాగుడూ జారుడూ లేదు. తుపాకీ మీద మిగిలిన డబ్బు మంచి దుర్బీను మీద పెట్టమన్నాడు. పంతులు చివరికి నవ్వాడు. మొదటి రైఫిలు గురించి నాకు తెలిసిన విద్యంతా ఇంతే, పెద్ద రహస్యమేమీ లేదు.

దుర్బీను బిగించి, గడియ తీసి నూనెగుడ్డలో చుట్టి తన పనిముట్ల పెట్టెలో వేసుకుని, తుపాకీని నాకిచ్చి జహ్రాకు పంతులు వెంట పంపాడు. ఆ ఇంట్లో నాకు చాయ్ తెచ్చిచ్చిన పనమ్మాయి నా ముఖం చూసి, "యా ఊరన్నా మీది?" అనింది. ఆమెది పులివెందుల దగ్గర. పరాయి దేశంలో ఆ నాలుగు మాటలు వింటే కడుపు నిండిపోతుంది. ఇంటావిడను మామా అనేది. పంతులు తల్లి అన్నమాట. ఆ పెద్దావిడ తుపాకీ పెట్టెను చూసి మొహం తిప్పుకుంది.

పంతులు శనివారం వస్తానన్నాడు, గడియ కోసం. గురువారం తెల్లారేసరికి ఇరాక్ సైన్యం ఊళ్ళో ఉంది.

యుద్ధం గురించి మీరు చాలా విని ఉంటారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మా కఫీల్ కుటుంబంతో సహా వేసవికి లండన్ పోయి ఉన్నాడు. దుకాణం వెనక గదిలో ఉస్తాదూ నేనూ ఉన్నాం. మరుసటి రోజు లారీ వేసుకుని సైనికులు వచ్చారు. తుపాకులన్నీ ఎక్కించుకున్నారు. గుడారాలు, ఐసుపెట్టెలు, ఉస్తాద్ చాయ్ ఫ్లాస్కు కూడా వదల్లేదు. ఫ్లాస్కు దగ్గర ఉస్తాద్ అడ్డం పడబోయి ఒక చెంపదెబ్బ తిన్నాడు. గోడకు బిగించి ఉండటం వల్ల టెలిఫోను ఒక్కటి మిగిలింది. పనిముట్ల పెట్టెలో ఆకురాళ్ళ మధ్య నూనెగుడ్డలో ఉన్న గడియను చూసి, గ్యారేజీ సామాను అనుకుని విసిరికొట్టి పోయారు.

ఎవరింట్లో ఆయుధం దొరికినా కాల్చేస్తామని ఊరంతా చాటింపు అయింది.

"ఉస్తాద్, అది సముద్రంలో పారేసొస్తా. ముక్కైనా తుపాకీ ముక్కే గదా" అన్నాను.

"మంది సొమ్మురా అది. ఆయప్ప దుడ్లిచ్చి కొన్నాడు. పారెయ్యడానికి మనం ఎవురు?"

"ఊరే పాయె, ఇంకా సొమ్మేంది?"

"ఊరు పోయిందని మాట కూడా పోగొట్టుకుందామా? నోర్మూసుకోని దాన్ని పక్క గ్యారేజీ పాత ఇనుములో వేసి రా. ఎట్ల వేసినావో అట్లే మళ్ళీ దొరకల్ల."

దేశం మొత్తం తుపాకుల్ని వదిలించుకుంటుంటే మేమిద్దరం తుపాకీ ముక్కను దాచుకున్నాం. ఇటువంటి తెలివితక్కువ పని మా కడప జిల్లా వాళ్ళు తప్ప ఇంకొకరు చేయరు.

రొట్టెల కోసం క్యూలో నిలబడటం, ఎప్పుడు బయటపడతామో అని తోటి మనవాళ్ళను అడగటం, ఇదే పనిగా ఉండగా ఒక రోజు దుకాణం ఫోన్ మోగింది. జహ్రాలోని పులివెందుల అమ్మాయి.

"అన్నా, నేనన్నా. తుపాకీ పెట్టె మీద ఈ నెంబరుంటే చేసినా. మా సారును పట్టకపోయినారన్నా."

"ఎవురు? ఎందుకమ్మా?"

"ఇల్లు సోదా చేసినారు. దుప్పట్ల కింద తుపాకీ దొరికింది. దాంట్లో ఏందో నడిమి ముక్క లేదంట. అది యాడ దాచినావు, ఎవురికిచ్చినావు అని కొడతా ఉండారంట. దుకాణంలోనే ఉందని సారు చెప్తే నమ్మలేదంట. రేపటికి చెప్పకపోతే కాల్చేస్తామన్నారంటన్నా. సారు పాఠం చెప్పే బడిలోనే పెట్టినారు. మామా అన్నం నీళ్ళు ముట్టలేదు. నువ్వేమన్నా చెయ్యగలవా అన్నా?" అని ఏడ్చేసింది.

ఫోన్ పెట్టి ఉస్తాద్‌కు చెప్పాను. గడియ లేని రైఫిలు అమాయకంగా కనిపిస్తుందని మేమనుకున్నాం. సైనికుడి కంటికి అది ఇంకో రకంగా కనిపిస్తుంది. ముక్క విడిగా దాచాడంటే రేపు కలుపుకుని కాల్చేవాడే అని లెక్క. గడియ ఇంట్లోనే ఉంటే తుపాకీ లాక్కుని రెండు తన్ని పోయేవాళ్ళేమో.

"నా నియమమే ఆయప్ప మెడకు చుట్టుకున్యాది" అన్నాడు ఉస్తాద్. "నేనే పోతా. నేనే తీసిపెట్టుకున్నా, నేనే ఇచ్చొస్తా."

"నువ్వు ఆ నోటితో పోతే ఇద్దరినీ కాల్చేస్తారు ఉస్తాద్. ఫ్లాస్కు కాడ చూసినా గదా."

చాలాసేపు వాదించుకున్నాం. చివరికి నేనే గెలిచాను. ఆయనకు కారు నడపటం రాదు, అంతే కారణం. లేకపోతే గెలిచే అవకాశం నాకు లేదు. వెళ్ళాలని నాకు ధైర్యం పొంగుకొచ్చిందనుకోకండి. కానీ ఆ అమ్మాయి గొంతు చెవిలోంచి పోలేదు.

గ్యారేజీ పాత ఇనుములోంచి గడియ తీసుకొచ్చాను. దుమ్ము తుడవబోతే ఉస్తాద్ చేతిమీద కొట్టాడు.

"గ్రీసు తుడవొద్దురా వెర్రోడా. కంపెనీ గ్రీసు అట్లే ఉండాది. అదొక్కటే ఆయప్పకు సాక్షి."

పక్క గ్యారేజీ వ్యాను అడిగి తీసుకున్నాను. గడియను దాచలేదు. పానాలు, స్క్రూ డ్రైవర్ల పెట్టెలో పైన్నే పెట్టాను. దారిలో సైనికులు ఆపారు.

"హిందీ?"

"హిందీ."

పెట్టె తెరిచి, గ్రీసు చేతికంటుకుంటే చీదరించుకుని మూసేశాడు. నా గడియారం విప్పించుకుని, "యల్లా" అని పొమ్మన్నాడు. వస్తువు పోగొట్టుకుని అంత సంతోషించింది నా జీవితంలో అదొక్కసారే. అరబ్బీలో హిందీ అంటే ఇండియావాడు. అప్పట్లో మనవాళ్ళను వాళ్ళు పెద్దగా పట్టించుకునేవాళ్ళు కాదు. ఆ ఒక్క మాట ఎంతమంది మనవాళ్ళను ఇంటికి చేర్చిందో.

బడి గేటు దగ్గర చెప్పాను, షువైఖ్ తుపాకుల దుకాణం నుంచి వచ్చాను, మీరు వెతుకుతున్న ముక్క నా దగ్గరుంది అని. తుపాకీ వీపుకు గుచ్చి లోపలికి తీసుకుపోయారు. తరగతి గదిలో పంతులు కుర్చీలో ఒక కెప్టెన్ కూర్చుని ఉన్నాడు. నా వయసువాడే. కళ్ళకింద నిద్రలేని గుంటలు. గడియను బల్లమీద పెట్టాను.

"ఆ దుకాణం ఖాళీ అయిపోయిందని మావాళ్ళు చెప్పారే. నిన్ను పంపిందెవరు? ఇతని ముఠా పంపిందా?"

"ముఠా లేదు సయ్యిదీ. నేను దుకాణంలో పనివాణ్ణి."

ఆయన వెనక్కి వాలి నన్ను పైనుంచి కిందదాకా చూశాడు.

"దుకాణం పనివాడివా? సరే. నేను గిరాకీని. నాకు మొదటి రైఫిలు కావాలి. ఖరీదు ఎక్కువ ఉండకూడదు, గురి తప్పకూడదు. ఏది ఇస్తావు? అబద్ధమాడితే నీకూ వాడికీ ఒకటే గోడ."

బీరువాలోని పేర్లన్నీ ఒక్కసారిగా మర్చిపోయాను. ఒక్కటి కూడా గుర్తు రాలేదు. గుర్తొచ్చి ఉంటే గబుక్కున అనేసేవాణ్ణి, అక్కడితో ముగిసేది. ఖాళీ బుర్రలోంచి అలవాటు ఒక్కటే బయటికొచ్చింది.

"దేన్ని కొట్టాలి సయ్యిదీ?" అన్నాను.

"ఏంటి?"

"మీరు దేన్ని కొట్టాలి? అడక్కుండా ఇస్తే మా ఉస్తాద్ తంతాడు."

గుమ్మంలో సైనికుడు ఒక అడుగు ముందుకేశాడు. కెప్టెన్ చెయ్యెత్తి ఆపాడు. తర్వాత, ఇష్టం లేనట్టుగా చెప్పాడు.

"పందుల్ని. మాకు నది ఒడ్డున ఖర్జూరపు తోట ఉంది. పందులు పడి పిలకలు తవ్విపోస్తాయి."

"ఎంత దూరం నుంచి కొడతారు?"

"దూరమేముంది? ఈ బడి మైదానమంత కూడా ఉండదు. చీకటి పడే వేళకు చెట్ల మధ్యన వస్తాయి."

"తుపాకీ మోసేది ఎవరు? మీరేనా?"

"మా నాన్న. నేనిక్కడ ఉన్నాను కదా." ఆ మాట అన్నాక ఆయన చూపు కిటికీ వైపు పోయింది. "ఆయనకు కుడికంట్లో పొర వచ్చింది."

అప్పటికి నేను భయం సంగతి మర్చిపోయాను. దేవుడి సాక్షిగా చెబుతున్నా, ఎదురుగా ఒక గిరాకీ ఉన్నాడు, ఆయన తప్పు సరుకు అడుగుతున్నాడు. అంతే కనిపించింది.

"అయితే సయ్యిదీ, మీ నాన్నకు రైఫిలు వద్దు. కుడికన్ను కనపడకపోతే ఎడమ భుజం మీద పెట్టుకోవాలి. గడియలన్నీ కుడిచేతివైపే ఉంటాయి, ప్రతి తూటాకూ చెయ్యి మార్చి అవస్థ పడతాడు. చీకట్లో చెట్ల మధ్యన దుర్బీను కూడా దండగే. ఒక మామూలు షాట్‌గను, పెద్ద గుళ్ళ తూటాలు చాలు. మా దుకాణానికి వచ్చినా మీకు రైఫిలు అమ్మం."

కెప్టెన్ ముఖంలో ఏదో సడలింది. నవ్వని అనలేను గానీ దానికి దగ్గరి చుట్టమే. "అమ్మనని చెప్పే దుకాణదారు అబద్ధం ఎందుకాడతాడు" అని తనలో తను అనుకున్నట్టు అని, రైఫిలు తెప్పించాడు. గడియ మీది నెంబరు, రైఫిలు మీది నెంబరు కలిపి చూశాడు. వేలితో గ్రీసు గీరి చూశాడు. గొట్టంలోంచి వెలుతురుకు చూశాడు. లోపల కంపెనీ నూనె తప్ప మసి చార కూడా లేదు.

"ఇది ఇంకా ఒక్క తూటా కూడా కాల్చలేదు. మరి ముక్క విడిగా ఎందుకుంచారు?"

ఉస్తాద్ నియమం చెప్పాను. కఫీల్ తమ్ముడి కనుబొమ కథ కూడా చెప్పాను. అది అవసరమా అంటే అవసరం లేదు, కానీ నోరు ఆగలేదు. ఆయన మొత్తం విని, తుపాకీ ఇక్కడే ఉంటుంది, మనిషిని తీసుకుపో అన్నాడు.

పంతుల్ని తీసుకొచ్చారు. పెదవి పగిలి ఉంది, ఒక కాలికి చెప్పు లేదు. నన్ను చూసి ఎవరో గుర్తు పట్టడానికి కొంచెం సేపు పట్టింది. మేము గుమ్మం దాటుతుంటే వెనకనుంచి కెప్టెన్ అన్నాడు:

"మా నాన్న షాట్‌గనుకు ఒప్పుకోడు."

"ఒకసారి దుకాణానికి తీసుకురండి సయ్యిదీ. మా ఉస్తాద్ ఒప్పిస్తాడు" అన్నాను.

ఇంటికి తీసుకుపోయి తల్లికి అప్పజెప్పాను. ఆ పెద్దావిడ కొడుకు వీపు మీద రెండు చేతులతో గుద్దింది, తర్వాత వాటేసుకుని ఏడ్చింది. పులివెందుల అమ్మాయి వాకిట్లో కూలబడి, "పెద్దమ్మ తల్లీ, నీ రుణం తీర్చుకోలేను" అని నేలకు మొక్కింది. నేను తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో ఒక్కణ్ణే బిగ్గరగా ఏడ్చాను.

కొన్ని నెలల తర్వాత, వెనక్కిపోయే ఇరాక్ సైన్యం ఆ జహ్రా దాటిన రోడ్డు మీద ఎలా కాలిపోయిందో టీవీలో చూశాను. ఆ కెప్టెన్ అందులో ఉన్నాడో, ఖర్జూరపు తోటకు చేరాడో నాకు తెలియదు. ఎక్కడున్నా ఆయనకు ఒక దణ్ణం పెట్టుకుంటాను. మా దేశాన్ని ఆక్రమించినవాడికి దణ్ణం పెడతావా అని కువైటీ మిత్రులు కోప్పడ్డారు. ఆయన సైన్యానికి కాదు, నేనడిగిన దానికి జవాబు చెప్పిన ఆ మనిషికి పెడతాను.

పంతులు బయటపడ్డా ఉస్తాద్ మాత్రం కుదుటపడలేదు. తన నియమం ఒక మనిషిని గోడదాకా తీసుకుపోయిందన్న దిగులు ఆయన్ని తినేసింది. తిట్టడం తగ్గిపోయింది. ఆయన తిట్టకపోతే నాకు భయమేసేది. కళ్ళు మూసేవాడు గానీ నిద్రపోయేవాడు కాదు. నేనెంత చెప్పినా, "నువ్వు ఊరుకోరా, ఆయప్ప తల్లికి నేనేం జవాబు చెప్పల్ల" అనేవాడు.

చివరికి మాకు బస్సు దొరికింది. బస్రా మీదుగా బగ్దాద్, అక్కణ్ణుంచి అమ్మాన్, అక్కణ్ణుంచి విమానంలో మన దేశం. ఆ బస్సు జహ్రా మీదుగానే పోతుంది. పులివెందుల అమ్మాయి కూడా అదే బస్సుకు ఎక్కాలి కాబట్టి పంతులే ఆమెను కారులో తీసుకొచ్చి రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. నీళ్ళ డబ్బాలు, రొట్టెలు, ఖర్జూరాలు బస్సులోకి ఎక్కించాడు. ఉస్తాద్ కిందికి దిగాడు. దిగినవాడు చేతులు జోడించేశాడు.

"నా వల్లే నీకిన్ని బాధలు వచ్చాయి. నన్ను మన్నించు. గడియ ఆ రోజే ఇచ్చేసి ఉంటే..." అని అరబ్బీలో మొదలుపెట్టాడు.

పంతులు ఆయన చేతులు పట్టుకుని కిందికి దించాడు.

"ఆ రోజే ఇచ్చి ఉంటే నేను గురువారమే చచ్చేవాణ్ణి, ఉస్తాద్. ఈ సంగతి అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ పొద్దున ట్యాంకులు మా వీధిలోంచి పోయాయి. నాకు ఒళ్ళు తెలియలేదు. మేనమామ ఇచ్చిన తూటాలు జేబులో పోసుకుని, తుపాకీ తీసుకుని డాబా ఎక్కాను. పిట్టగోడ మీద ఆనించి మీరు చెప్పినట్టే చెంప పెట్టాను. దుర్బీనులో ఒక సైనికుడి మెడ కనిపించింది. గడియ లాగడానికి చెయ్యి పోయింది. అక్కడేమీ లేదు."

ఉస్తాద్ నోరు తెరుచుకుని వింటున్నాడు.

"కూలబడి ఏడ్చాను. అమ్మ పైకొచ్చి నన్ను ఈడ్చుకుపోయింది. తూటాలు మురుగులో పోసింది. కింద గదిలో నా చెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు అందరూ ఉన్నారు. నేనొక్క తూటా కాల్చి ఉంటే ఆ ట్యాంకు మా ఇంటివైపు తిరిగేది. మీరు నాకు ఇవ్వనిదే మా ఇంటిని నిలబెట్టింది."

కారులో వెనక సీట్లో అబాయా కప్పుకుని కూర్చున్న పెద్దావిడ అద్దం దించి ఉస్తాద్ వైపు చూసింది. చెయ్యెత్తి గుండె మీద పెట్టుకుంది, అంతే.

బస్సు కదిలింది. ఉస్తాద్ నా పక్కన కూర్చుని కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ముఖం తడిసిపోయి ఉంది, తుడుచుకోలేదు. సరిహద్దు ఇంకా రాకముందే తల నా భుజం మీద వాలింది. బస్సంతా వినిపించేలా గురక పెట్టాడు. ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి విసుక్కున్నారు. లేపొద్దని వాళ్ళకు దణ్ణం పెట్టి, బస్రా వచ్చేదాకా నేను కదలకుండా కూర్చున్నాను.